ఆరోగ్య బీమాయు, గ్రామ పెద్దలును



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము ఆరోగ్య బీమా. ఈ మాట వినగానే ఇది పట్టణవాసుల వ్యవహారమనియు, కాగితములతోడి పనియనియు మీలో కొందఱు తలంపవచ్చును. నేనును చాలకాలము అట్లే తలంచితిని. నేను వైద్యుడను. పులికాటు సరస్సు తీరమున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అనేక సంవత్సరములు పనిచేసితిని. జ్వరములు చూచుట, గాయములు కట్టుట, కాన్పులు చేయుట, పాముకాటునకు మందిచ్చుట నా పనులనియు, కార్డులును కాగితములును గుమాస్తాల పనులనియు నా నమ్మకము. ఆ నమ్మకము తప్పని నాకు నేర్పినవాడు ఒక జాలరి. ఆ కథను ముందుగా మనవి చేసెదను.

పులికాటు సరస్సును మీలో చాలమంది చూచియుందురు. దానిలో అధికభాగము ఆంధ్రదేశమునను, దక్షిణపు కొస తమిళనాడునను ఉన్నవి. తూర్పున శ్రీహరికోట, దాని ఆవల బంగాళాఖాతము. సరస్సు నడుమ ఇరకము, వేనాడు మొదలగు దీవులు కలవు. ఇరకము నుండి ఒడ్డునకు రావలెనన్న తడ మండలములోని భీమునివారిపాలెమునకు పడవమీద రావలెను. నేను చెప్పు కాలమున ఆ ప్రాంతము నెల్లూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

అది 2012వ సంవత్సరము, వానకాలపు రాత్రి. దీవినుండి ఒక జాలరిని, ఏబది యేండ్లు దాటినవానిని, కుమారుడును ఇరుగుపొరుగువారును పడవలో పండుకొనబెట్టి తీసికొనివచ్చిరి. ఒడ్డున 108 బండి యెక్కించి నాయొద్దకు చేర్చిరి. ఒడలంతయు చెమట, ఎడమచేయి లాగుచున్నదనెను, రొమ్ముమీద బండ పెట్టినట్లున్నదనెను. గుండెపోటు అని తెలిసికొనుటకు గొప్ప విద్య అక్కఱలేదు. చేయదగిన ప్రథమ చికిత్స చేసి, "ఆలసింపక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొండి" అని కుమారునితో చెప్పితిని. వైద్యధర్మమున అది సరియైన మాటయే. కాని అంతటితో ఊరకుంటిని. అదియే నా తప్పు.

మూడు వారములు గడచిన పిమ్మట ఆ జాలరి బ్రతికి, నడచి, నాయొద్దకు మందులకై వచ్చెను. గుండె రక్తనాళములోని అడ్డు తొలగించి స్టెంటు అమర్చిరి. నేను సంతోషించితిని. కుమారుని ముఖమున మాత్రము సంతోషము లేదు. ఏమని యడుగగా చెప్పెను: ఆసుపత్రిలో చేర్చుకొనుటకు ముందు 20,000 రూపాయలు కట్టుమనిరట. భార్య చెవికమ్మలును, ఇంటిలోని వలలును కుదువబెట్టి, రాత్రికి రాత్రి ఆ సొమ్ము తెచ్చి కట్టెనట.

"నీకు తెల్ల కార్డు లేదా?" అని యడిగితిని.

"ఉన్నదయ్యా. ఇంటిలో రేకుపెట్టెలో ఉన్నది. అది బియ్యమునకు గదా!" అనెను.

పెద్దలారా! ఆ కార్డు బియ్యమునకు మాత్రమే కాదు. ఆ రోజులలో దానిమీదనే కుటుంబమునకు సంవత్సరమునకు రెండు లక్షల రూపాయల వఱకు చికిత్స జరుగును. ఆ గుండె చికిత్సయు పట్టికలో కలదు. ఆ ఆసుపత్రియు పథకములో చేరినదే. అత్యవసర స్థితిలో టెలిఫోను ద్వారానే అనుమతి పొంది చికిత్స మొదలిడవచ్చుననియు, రోగివద్ద రొక్కము తీసికొనరాదనియు నియమము కలదు. ఈ సంగతులన్నియు తెలుపు ఉత్తరువు నా బల్లసొరుగులోనే యున్నది. వైద్యులకును, ఆసుపత్రులకును అప్పుడప్పుడు వచ్చు అట్టి ఉత్తరువులను నేను సంతకము చేసి తీసికొని, చదువక సొరుగున వేయుచుంటిని. ఆ జాలరి రేకుపెట్టెలో కార్డు మూతపడియున్నట్లే, నా సొరుగులో నియమము మూతపడియున్నది. ఆ రెంటి నడుమ ఆతని కోడలి కమ్మలు పోయినవి.

అదృష్టవశమున కుమారుడు రసీదును పాఱవేయలేదు. దానిని జతచేసి అధికారులకు అర్జీ వ్రాసితిమి. కొన్ని వారములకు సొమ్ము తిరిగి వచ్చెను. కమ్మలు విడిపించిరి. వలలును విడిపించిరి గాని, అవి వడ్డీవానియింట ఉన్న ఆ రెండు నెలలును రొయ్యలు పడు కాలము. ఆ యేటి రొయ్యలను ఏ అర్జీయు తిరిగి తేలేకపోయెను.

ఆనాటినుండి నేను ఉత్తరువులు చదువుట నేర్చుకొంటిని. అందు నేర్చినదే నేడు మీకు విన్నవించుచున్నాను.

ముందుగా బీమా యననేమి? ఒక గ్రామమున నూఱు ఇండ్లున్నవనుకొనుడు. ఒక యేట వానిలో రెండు మూడిండ్లలోనే పెద్ద జబ్బు రావచ్చును. అది ఏ యింటికి వచ్చునో ముందుగా ఎవ్వరికిని తెలియదు. వచ్చిన యిల్లు ఒంటరిగా భరింపవలసినచో అప్పులపాలగును. నూఱిండ్లవారును తలకొంత వేసి ఒకచోట నుంచినచో, జబ్బు వచ్చిన యిల్లు నిలచును. తక్కినవారికి భారము తెలియదు. ఇంతియే బీమా. ఊరిలో ఇల్లు కాలినవానికి తలకొక తాటాకుమోపు ఇచ్చి ఇల్లు నిలిపిన వారికి ఇది క్రొత్త ధర్మము కాదు.

ఈ ధర్మమును చట్టముగా చేసిన దేశములలో మొదటిది జర్మనీ. 1883లో బిస్మార్కు ప్రధానిగా నున్నపుడు కార్మికుల రోగబీమా చట్టము వచ్చినది. బ్రిటనులో 1911లో అట్టి చట్టమే చేసిరి. 1948 జూలై 5న దేశమందలి ప్రజలందఱికి ఉచిత వైద్యమును ప్రారంభించిరి. మన దేశమున 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో తన నివేదిక నిచ్చినది. సొమ్ము చెల్లింపలేని కారణమున ఎవ్వరికిని వైద్యము తప్పిపోరాదని ఆ నివేదికయొక్క మూలసూత్రము. 1948లో కార్మిక రాజ్య బీమా చట్టము వచ్చినది. కాని అది ఫ్యాక్టరీలలో జీతము పుచ్చుకొనువారికి ఏర్పడినది. పడవనడుపువానికి, వలవేయువానికి, కూలినాలి చేయువానికి జీతపుచీటి యెక్కడిది? వారివఱకు ఆ నీడ రాలేదు.

అట్టివారికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ యను పేర ఒక పథకము మొదలైనది. అప్పటి ముఖ్యమంత్రి డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డి. అంతకు పూర్వము పెద్ద జబ్బు వచ్చిన పేదవాడు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని, హైదరాబాదు చుట్టు తిరుగవలసియుండెను. మొదట మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభించి, 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికి విస్తరింపజేసిరి. కుటుంబమునకు సంవత్సరమునకు 1,50,000 రూపాయలు, అది చాలనిచో మఱి 50,000 రూపాయలు. ప్రీమియము కుటుంబము కట్టనక్కఱలేదు, ప్రభుత్వమే కట్టును. ఇంకొక గొప్ప విశేషము కలదు. మనము సొమ్ము పెట్టి కొను బీమాలలో, ముందునుండి యున్న జబ్బునకు వెంటనే సహాయము దొరకుట అరుదు. ఈ పథకమున అట్టి అడ్డంకి లేదు. నిన్నటివఱకు ఉన్న జబ్బునకైనను మొదటిదినమునుండి చికిత్స కలదు.

ఇక ఆసుపత్రి లోపల ఈ పని యెట్లు నడచునో మీరు తెలిసికొనవలెను. తెలిసినవాడు మోసపోడు, అకారణముగా వైద్యుని నిందింపడు.

పథకములో ఒడంబడిక చేసికొన్న ఆసుపత్రిని నెట్‌వర్కు ఆసుపత్రి యందురు. అక్కడ ఒక బల్లయొద్ద ఒక మనిషి యుండును. ఆతని పేరు ఒకప్పుడు ఆరోగ్యమిత్ర, మఱొకప్పుడు వైద్యమిత్ర. రోగి వచ్చినతోడనే చూడవలసినది డబ్బు కట్టు కిటికీని గాదు, ఈ మిత్రను. ఆతడు కార్డు చూచి పేరు నమోదు చేయును. వైద్యుడు పరీక్షించి, జబ్బు పథకపు పట్టికలో నున్నదో లేదో నిర్ణయించును. ఉన్నచో, పరీక్షల ఫలితములను చేర్చి, చికిత్సకు ముందనుమతి కోరుచు పంపును. అచ్చట వేఱు వైద్యులు వానిని చూచి అనుమతింతురు. అనుమతి వచ్చిన పిమ్మట చికిత్స జరుగును. ప్రాణాపాయమైనచో ఈ వరుసకై కాచుకొనియుండ నక్కఱలేదు. టెలిఫోనుతో అనుమతి పొందుదురు.

ప్రతి చికిత్సకు ఇంత సొమ్మని ముందే నిర్ణయమై యుండును. దీనిని ప్యాకేజీ యందురు. అందులో మంచము అద్దె, వైద్యుని రుసుము, పరీక్షలు, మందులు, రోగి భోజనము, ఇంటికి తిరిగిపోవు దారిఖర్చు, ఇల్లు చేరిన తరువాత 10 దినముల మందులు చేరియున్నవి. కావున "మందులు బయట కొనుడు", "ఈ పరీక్షకు వేఱుగా కట్టుడు" అని యెవరైన ననినచో, "అయ్యా, అది ప్యాకేజీలో లేదా?" అని మర్యాదగా అడుగుటకు మీకు హక్కు కలదు. కొన్ని జబ్బులకు సంవత్సరమువఱకు తిరిగి చూచి మందులిచ్చు ఏర్పాటును చేసిరి.

రోగి ఇంటికి పోవునపుడు సంతృప్తిపత్రముమీద సంతకమో వ్రేలిముద్రయో తీసికొందురు. దారిఖర్చు ముట్టినట్లును వ్రాయించుకొందురు. ఈ కాగితములను ఆసుపత్రివారు లెక్కలతో చేర్చి పంపిననే గాని వారికి సొమ్ము రాదు. చూచితిరా! మీ వ్రేలిముద్ర ఎంత విలువ గలదో! చదువక, చదివించుకొనక వేలు ముంచకుడు. దారిఖర్చు చేతికి రానిదే వచ్చినట్లు వ్రాయింపకుడు.

ఇంతవఱకు పథకపు అస్థిపంజరము. ఇక మార్పులు. పథకము మొదలై పదునెనిమిదేండ్లు దాటినది. ఈ నడుమ మార్పులు చాల వచ్చినవి. మార్పు వచ్చినప్పుడెల్ల నష్టపోవువాడు దూరమున నున్నవాడే. కావున వరుసగా వినుడు.

మొదటిది పేరు. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశమున దీనికి ఎన్. టి. ఆర్. వైద్యసేవ యని పేరు పెట్టిరి. 2019లో వై. యస్. ఆర్. ఆరోగ్యశ్రీ యనిరి. 2024లో మఱల ఎన్. టి. ఆర్. వైద్యసేవ యనిరి. పేరు మారగానే పాత కార్డు చెల్లదని తలంచి, ఆసుపత్రికి పోక ఇంటనే కూర్చున్నవారిని నేను చూచితిని. పేరు మారుట హక్కు పోవుట కాదు. మీ పేరు పట్టికలో నున్నదా యని విచారించుకొనుడు. పాటపేరుతో మనకు పనిలేదు.

రెండవది చికిత్సల సంఖ్య, సొమ్ము పరిమితి. 2020 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో 2,059 చికిత్సలతో ప్రయోగముగా మొదలిడి, తక్కిన జిల్లాలకు విస్తరించిరి. 2022 అక్టోబరు నాటికి చికిత్సలు 3,255 అయినవి. సంవత్సరమునకు 5 లక్షల రూపాయల లోపు ఆదాయము గల కుటుంబములకు వర్తించునట్లు చేసిరి. 2023 డిసెంబరు 18న కుటుంబమునకు పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచిరి.

మూడవది ఎల్లదాటు విషయము. ఇది మా తీరమునకు ముఖ్యము. తడ, సూళ్లూరుపేట ప్రజలకు చెన్నపట్టణము దగ్గఱ. పెద్ద జబ్బు వచ్చినచో రైలెక్కి అచ్చటికి పోవుట తాతలనాటి అలవాటు. కాని రోగము రాష్ట్రపు ఎల్ల నెఱుగదు గాని, కార్డు ఎఱుగును. 2019 నవంబరు 1 నుండి చెన్నపట్టణము, బెంగుళూరు, హైదరాబాదు నగరములలో ఎంపికచేసిన ఆసుపత్రులలో 716 చికిత్సలకు ఏర్పాటు చేసిరి. అనగా ఆ నగరములలోని అన్ని ఆసుపత్రులు గావు, అన్ని జబ్బులు గావు. రైలెక్కుటకు ముందే, పోదలచిన ఆసుపత్రి ఆనాటికి పట్టికలో నున్నదా యని అడుగవలెను. సరస్సు దక్షిణపుటొడ్డున నున్న మన సోదరులకు తమిళనాడు ప్రభుత్వపు పథకము వేఱు. అచ్చట 2009లో కలైజ్ఞర్ పేర ఒక బీమా మొదలై, 2012 జనవరి నుండి ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాగా నడచినది. ఒకే నీటిలో వలవేయువారికి రెండు కార్డులు. వియ్యములు మాత్రము ఒడ్డులు దాటుచుండును. అచ్చటినుండి వచ్చిన కోడలి పేరు ఇచ్చటి కుటుంబపు కార్డులో చేర్పింపనిచో, పురిటి సమయమున ఆ పిల్ల రెండు రాష్ట్రములకును గాక పోవును. ఇట్టి చిక్కు నేను ఒకటికంటె ఎక్కువసారులు చూచితిని.

నాలుగవది కేంద్రప్రభుత్వపు పథకము. 2018 సెప్టెంబరు 23న రాంచీ నగరమున ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ప్రారంభమైనది. కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలు. ఇందు నమోదైన కుటుంబము ఇతర రాష్ట్రములలోని అనుబంధ ఆసుపత్రులలోను చికిత్స పొందవచ్చునను సూత్రము కలదు. 2024 అక్టోబరు 29న, 70 ఏండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ దీనిని వర్తింపజేసిరి. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో ఆ వయస్సు దాటినవారు కొందఱుందురు. "నాకు నాలుగెకరములున్నవి, ఇది నాకు రాదు" అని తలంపకుడు. ఆధారు కార్డు తీసికొనిపోయి విచారింపుడు.

ఐదవది ఇటీవలి మార్పు. ఆరంభమున ఈ పథకమును ఒక బీమా కంపెనీ ద్వారా నడపిరి. క్రమముగా ప్రభుత్వపు ట్రస్టు తానే అనుమతులిచ్చి, తానే సొమ్ము చెల్లించు పద్ధతి వచ్చినది. 2025 సెప్టెంబరు 4న ఆంధ్రప్రదేశ మంత్రివర్గము మఱొక పద్ధతి నామోదించినది. దాని ప్రకారము కుటుంబమునకు 2,50,000 రూపాయల వఱకు బీమా కంపెనీ భరించును. అంతకు మించి 25 లక్షల వఱకు పేదకుటుంబములకు ట్రస్టు భరించును. 1 కోటి 63 లక్షల కుటుంబములకు, అనగా పేదలకే గాక కొంత కలిగినవారికిని, మొదటి భాగము వర్తించునట్లు నిర్ణయించిరి. చికిత్సకు ముందనుమతి 6 గంటలలో నీయవలెనని నియమము పెట్టిరి.

దీనిలో వైద్యులకును ఆసుపత్రులకును ఉన్న మార్పు పెద్దది. వారు లెక్కలు పంపు చోటు మారును, ప్రశ్నించు చేయి మారును. ట్రస్టునకు లాభాపేక్ష లేదు, కంపెనీకి కలదు. కంపెనీ చురుకుగా పనిచేయవచ్చును. చిన్న లోపము చూపి కాగితము త్రిప్పిపంపవచ్చును. రోగి కర్తవ్యము మాత్రము మారలేదు: కార్డు చూపుట, మిత్రను కలియుట, రొక్కమీయకుండుట, రసీదు లేని సొమ్ము చెల్లింపకుండుట. ఇంటి యజమాని మారినను గుమ్మము మారనట్లు దీనిని తెలిసికొనుడు.

ఇంతవఱకు ఆసుపత్రుల బాధ్యతలు చెప్పితిని. వారి కష్టమునుగూడ చెప్పకుండుట న్యాయము కాదు. పథకపు పాతనియమముల ప్రకారము, కాగితములన్నియు సరిగా చేరిన 7 దినములలో ఆసుపత్రికి సొమ్ము చెల్లింపవలసియుండెను. కాని సొమ్ము నెలల తరబడి నిలచిపోవుట తఱచైనది. ఆసుపత్రివాడు నర్సులకు జీతమీయవలెను, మందుల కంపెనీకి చెల్లింపవలెను. బకాయిలు పేరుకొనుటచే 2025 అక్టోబరులో ఆంధ్రప్రదేశమందలి ప్రైవేటు ఆసుపత్రుల సంఘమువారు ఈ పథకపు సేవలను ఆపివేసిరి. ప్రభుత్వముతో మాటలు జరిగిన పిమ్మట తిరిగి మొదలిడిరి.

మా సరస్సునకు రాయదొరువు వద్ద సముద్రముతో కలియు ముఖద్వారమున్నది. అచ్చట ఇసుక పేరుకొన్నచో సముద్రపు నీరు లోనికి రాదు. నీటివెంట రావలసిన చేపపిల్లయు రాదు. వల యెంత మంచిదైనను, పడవ యెంత క్రొత్తదైనను ఏమి లాభము? ప్రభుత్వపు ఖజానాకును ఆసుపత్రికిని నడుమ నున్న ద్వారమును అట్టిదే. ఇసుక తీయుట ప్రభుత్వపు విధి. కాని ద్వారము మూసికొనిన దినములలో రోగిని ఎటు పంపవలెనో తెలిసియుండుట మన విధి. అట్టి దినములలో ప్రభుత్వాసుపత్రులు తెఱచియే యుండును. తిరుపతిలో రుయా ఆసుపత్రి కలదు. శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. చిన్నపిల్లల గుండెజబ్బులకు 2021 అక్టోబరులో ప్రారంభమైన శ్రీ పద్మావతి హృదయాలయము కలదు. వీనిని మఱవకుడు.

మఱొక హెచ్చరిక. ఉచితముగా వచ్చుచున్నదని అక్కఱలేని శస్త్రచికిత్సకు ఒప్పుకొనకుడు. పథకపు తొలిసంవత్సరములలో, అవసరము లేకయే స్త్రీలకు గర్భసంచి తొలగించుచున్నారని పెద్ద విమర్శ వచ్చెను. తుదకు ప్రభుత్వము ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేయవలసి వచ్చినది. కత్తి ఉచితమైనను శరీరము మనది. పెద్ద శస్త్రచికిత్స యనినపుడు మఱొక వైద్యుని సలహా పొందుట ఆ వైద్యునికి అవమానము కాదు. మఱియు ఈ బీమా పెద్ద జబ్బునకు గొడుగు మాత్రమే. త్రాగునీరు, మరుగుదొడ్డి, పిల్లల టీకాలు, రక్తపుపోటునకు దినదినపు మాత్ర, వీనికి బదులు కాదు. ఆ జాలరి నాలుగేండ్లు ముందుగా రక్తపుపోటు చూపించుకొని, చుట్ట మానియున్నచో, ఆ వానరాత్రి పడవ ఎక్కవలసిన పని తప్పియుండునేమో!

ఇక మీరు చేయవలసినది. మీరు చదువెఱిగినవారు, ఊరిలో నలుగురు మీ మాట విందురు. అందుచే మీయొద్దనే ఈ మనవి.

మీ ఊరిలో ప్రతి కుటుంబమువారి కార్డును ఒకసారి తీయించి చూడుడు. అందు పేర్లు సరిగానున్నవా? క్రొత్తకోడలు, పుట్టిన బిడ్డ చేరిరా? చనిపోయినవారి పేరు తీసివేసిరా? ఆధారులోని పేరును కార్డులోని పేరును ఒక్కటేనా? లోపమున్నచో గ్రామ సచివాలయమున దిద్దింపుడు. ఈ పని రోగము లేని దినములలో చేయవలెను. మా తీరమున యానాది కుటుంబములు చాల కలవు. వేటకును కూలికిని ఊరూరు తిరుగుటచే వారి పేర్లు పట్టికలలో తప్పిపోవుట సులభము. వారికొఱకు అడుగువారు తక్కువ. వారి యిండ్లకు ముందుగా పొండు.

దగ్గఱలోని నెట్‌వర్కు ఆసుపత్రులేవో, ఏ జబ్బునకు ఏది తగినదో వైద్యమిత్రను అడిగి ఒక కాగితముపై వ్రాసి, సచివాలయపు గోడకు, రచ్చబండ యొద్ద, పడవల రేవు నందు అంటింపుడు. ఆ పట్టిక మారుచుండును గాన ప్రతి మూడు నెలలకొకసారి తిరిగి వ్రాయుడు. క్రింద పెద్ద అక్షరములతో రెండు సంఖ్యలు వ్రాయుడు: ప్రాణాపాయమున బండికి 108, సలహాకును ఫిర్యాదునకును 104.

రోగి వెంట చదువు వచ్చినవానిని ఒకనిని తప్పక పంపుడు. ఎవరైనను సొమ్ము అడిగినచో రసీదు అడుగుమని చెప్పుడు. రసీదు ఇచ్చిన సొమ్మును తిరిగి రాబట్టవచ్చును. రసీదు లేని సొమ్ము ఇసుకలో పోసిన నీరు.

చివరిది, నావంటి వైద్యులను ఊరక వదలకుడు. మాకు ప్రభుత్వమునుండి క్రొత్త ఉత్తరువులు వచ్చుచుండును. "అయ్యా, ఈ నెల బీమా నియమములలో ఏమైన మార్పు వచ్చినదా?" అని నెలకొకసారి మీ ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడుగుడు. ఆతడు మొదట విసుగుకొనవచ్చును. రెండవమారు అడుగునప్పటికి సొరుగు తెఱచును. మూడవమారునకు చదివి సిద్ధముగా నుండును. నన్ను అట్లు అడిగినవారు ఆనాడు ఒక్కరున్నను, ఆ కుటుంబమువారి యేటి కూడు నిలచియుండెడిది.

ఆ జాలరి కుమారుడు తరువాత ఒక పని చేసెను. తన కార్డును రేకుపెట్టె నుండి తీసి, పడవలో భోజనపు డబ్బాతోబాటు ఉంచు సంచిలో, నీరు చొరని కవరున పెట్టుకొనెను. దీవిలోని తక్కిన పడవలవారును ఆతనిని చూచి అట్లే చేసిరి. నేను చెప్పితినని కాదు. ఆతనికి జరిగినది విని. ఊరిలో ఒకడు నేర్చినది పదుగురు నేర్తురు. ఆ నేర్చుట నష్టమునకు ముందు జరుగునట్లు చూచుట పెద్దలైన మీ చేతిలో నున్నది.